పాఠాలు చాలు, పరీక్షలు రాయండి

ఏటా జూన్, జులై నెలల్లో నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఎంబీఏ వైపు చూస్తున్న బంధువులు అందరూ అడిగేది ఒక్కటే: "క్యాట్‌కి ఏ ఆన్‌లైన్ కోర్సు కొనమంటారు?" క్యాట్ అంటే ఐఐఎంలలో, అంటే కేంద్రం నడిపే పేరున్న మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల్లో, ఎంబీఏ ప్రవేశానికి రాసే పరీక్ష. ఉద్యోగం చేసుకుంటూనే, ఆన్‌లైన్ కోర్సు సాయంతోనే నేను ఆ పరీక్ష రాశాను. ఆ తర్వాత చాలామంది తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆదివారాలు కూర్చుని వాళ్ళ సమాధానాలు సరిచూసి పెట్టాను. ఇన్నేళ్ళలో నా అభిప్రాయం మెత్తబడకపోగా మరింత గట్టిపడింది. ఈ పరీక్ష కోసం డబ్బు పెట్టదగినవి రెండే. ఒకటి మాక్ టెస్టులు, అంటే అసలు పరీక్షలాగే గడియారం పెట్టుకుని రాసే నమూనా పరీక్షలు. రెండోది, ఆ టెస్టు రాశాక మన తప్పుల గురించి గంటసేపు మనతో మాట్లాడే మనిషి. వందల గంటల వీడియోలకు కట్టే డబ్బులో చాలా భాగం అనవసరం.

ఎందుకో చెప్పాలంటే పరీక్ష తీరు చూడాలి. 2024 నవంబరులో జరిగిన క్యాట్‌లో 68 ప్రశ్నలు, రెండు గంటల సమయం. ఇంగ్లిషు పఠనం, డేటా–లాజిక్, గణితం అని మూడు విభాగాలు. ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒక విభాగంలో మిగిలిన సమయం మరో విభాగానికి పనికిరాదు, వెనక్కి వెళ్ళడానికీ వీల్లేదు. సరైన జవాబుకు మూడు మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఆప్షన్లు ఇవ్వకుండా జవాబును మనమే టైపు చేయాల్సిన ప్రశ్నలకు మాత్రం కోత లేదు. ఆ ఏడాది దాదాపు 2.93 లక్షల మంది రాశారు.

99 పర్సంటైల్ అంటే నూటికి 99 మార్కులని ఇప్పటికీ అనుకునే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. నూటికి 99 మంది మన వెనక ఉన్నారనే దాని అర్థం. 2.93 లక్షల మందిలో మనకన్నా ముందు సుమారు 2,900 మంది ఉంటారు. అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో మొత్తం మార్కుల్లో సగం తెచ్చుకున్నవారు కూడా ఆ 99 పర్సంటైల్ చుట్టుపక్కలే ఉన్నారు. అంటే దేశంలో ముందు వరసలో నిలిచిన విద్యార్థి కూడా ప్రశ్నపత్రంలో చాలా భాగం వదిలేస్తాడు. ఏవి వదలాలో తెలిసినవాడిని ఎంచుకునేందుకే ఈ పరీక్ష పెట్టారని నేను నమ్ముతాను.

మన పిల్లలకు సరిగ్గా ఇదే కష్టం. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఎంసెట్‌లో 160 ప్రశ్నలకు మూడు గంటలు, తప్పు జవాబుకు కోత లేదు. మన రాష్ట్రాల ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో 200 ప్రశ్నలకు 150 నిమిషాలు, అక్కడా కోత లేదు. ఇంటర్ రెండేళ్ళూ మన కాలేజీల్లో చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పే మాట "ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు" అన్నదే. ఆ పరీక్షలకు ఆ సలహా నూటికి నూరుపాళ్ళు సరైనది. కానీ పదిహేడేళ్ళ వయసులో చేతికి పట్టిన ఆ అలవాటు ఇరవై రెండేళ్ళకు క్యాట్ గదిలో ఎదురు తిరుగుతుంది. ఒక ప్రశ్న దగ్గర నాలుగు నిమిషాలు పెట్టాక దాన్ని వదలడానికి మనసు ఒప్పుకోదు. "ఇంతసేపు చేశాను కదా, ఇంకొక్క నిమిషం" అనుకుంటూ ఏడు నిమిషాలు గడిపేస్తారు. ఆ తర్వాత పేజీలో రెండు తేలిక ప్రశ్నలు చదవకుండానే విభాగం మూసుకుపోతుంది. డేటా–లాజిక్ విభాగంలో సాధారణంగా నాలుగైదు సెట్లుంటాయి, ఒకే సమాచారం మీద అడిగే కొన్ని ప్రశ్నలు కలిపి ఒక సెట్టు. రెండు మూడు సెట్లు పూర్తిగా చేస్తే చాలా మంచి పర్సంటైల్ వస్తుంది. ఏ రెండు అన్నది మొదటి అయిదు నిమిషాల్లో తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం ఏ వీడియోలోనూ దొరకదు. ఎందుకంటే వీడియోలో ఆ ఎంపిక మన తరఫున ముందే జరిగిపోయి ఉంటుంది. ఏ సెట్టు చెప్పాలో అధ్యాపకుడు ఎంచుకున్నాడు, అది తెగుతుందని అతనికి ముందే తెలుసు.

కోత లెక్క కూడా చాలామంది ఒక్కసారైనా వేసుకోరు. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నకు కళ్ళు మూసుకుని జవాబు పెడితే నాలుగింట ఒకసారి మూడు మార్కులొస్తాయి, మూడుసార్లు ఒక్కోటి పోతుంది. చివరికి సున్నా. ఒక ఆప్షన్‌ను ఖచ్చితంగా కొట్టేయగలిగితే సగటున ప్రశ్నకు మూడోవంతు మార్కు మిగులుతుంది. రెండు కొట్టేయగలిగితే ఒక మార్కు. టైపు చేసే ప్రశ్నల్లో పోయేదేమీ లేదు కనుక వాటిని ఖాళీగా వదలడం శుద్ధ దండగ. ఈ నాలుగు వాక్యాలకు నలభై నిమిషాల వీడియో అక్కర్లేదు. తెలిసినంత మాత్రాన అమలు కూడా కాదు. గడియారం పరుగెడుతుండగా పదే పదే చేసి చూస్తేనే చేతికి వస్తుంది.

మా పిన్ని కొడుకు సంగతి చెబుతాను. అనంతపురంలో బీటెక్ చదువుతూ రెండేళ్ళ ప్యాకేజీ కొన్నాడు. అమ్మకాల మనిషి వరసగా వారం రోజులు ఫోను చేసి, నెలసరి వాయిదాల పేరుతో మా పిన్ని చేత అప్పు పత్రం మీద సంతకం చేయించాడు. ఏడాది చివర్లో వాడు ఎంతో సంతోషంగా "అక్కా, సిలబస్ డెబ్బై శాతం అయిపోయింది" అన్నాడు. యాప్‌లో పచ్చ గీత నిజంగానే అంతవరకు వచ్చింది. మాక్ టెస్టులు ఎన్ని రాశావంటే, సిలబస్ పూర్తయ్యాక మొదలుపెడతానన్నాడు. నాకు వాడి మీద కోపం రాలేదు, ఆ గీత మీద వచ్చింది. అది కొలిచేది వాడు ఎంత నేర్చుకున్నాడన్నది కాదు, ఎంత చూశాడన్నది. ఒకటిన్నర వేగంతో చూసినా, పక్కన అన్నం తింటూ చూసినా గీత అంతే నిండుతుంది.

బాగా చెప్పే అధ్యాపకుడి దగ్గర ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆయన లెక్కను సునాయాసంగా విప్పుతుంటే మనకూ వచ్చేసినట్లే ఉంటుంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపు పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది. రెండో గుంపు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవారే మెరుగు. వారం తర్వాత అడిగితే రాసినవారు ముందున్నారు. తమకు బాగా గుర్తుంటుందన్న ధీమా మాత్రం మళ్ళీ చదివినవారికే ఎక్కువ. వీడియో కోర్సుల మీద నాకున్న ఫిర్యాదంతా ఈ ధీమా గురించే. ఆ ధీమాను నవంబరు నెలాఖరు దాకా కాపాడి, పరీక్ష గదిలో వదిలేస్తాయవి.

షార్ట్‌కట్ల సంగతి కూడా చూద్దాం. వెళ్ళేటప్పుడు గంటకు 40 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 60 అయితే సగటు వేగం ఎంత? రెండు వేగాల లబ్ధాన్ని రెట్టింపు చేసి, మొత్తంతో భాగిస్తే 48 అని వీడియోలో సూత్రం చెబుతారు. సరే. అదే దూరాన్ని మూడు సమాన భాగాలు చేసి 40, 60, 120 వేగాలు ఇస్తే? సూత్రం బట్టీ పట్టినవాడు అక్కడే ఆగిపోతాడు. ఒక్కో భాగం 120 కిలోమీటర్లు అనుకునేవాడికి మూడు గంటలు, రెండు గంటలు, ఒక గంట, మొత్తం ఆరు గంటలు. 360 కిలోమీటర్లు ఆరు గంటల్లో, అంటే 60. పెన్ను కూడా అక్కర్లేదు. క్యాట్ గణితంలో ఎక్కువ భాగం ఈ స్థాయిదే: శాతాలు, నిష్పత్తి అనుపాతాలు, కాలం–పని, చక్రవడ్డీ, వర్గ సమీకరణాలు, శ్రేఢులు, సంవర్గమానాలు, త్రిభుజాలు. మన రాష్ట్రాల పదో తరగతి గణితం శ్రద్ధగా చదివిన పిల్లకు ఇందులో పూర్తిగా కొత్తది తక్కువ. అలాంటి పిల్లకు శాతాల మీద పన్నెండు గంటల వీడియో ఎందుకు అమ్ముతున్నారో నాకు ఎవరూ నమ్మకంగా చెప్పలేకపోయారు.

అయితే ఆన్‌లైన్ చదువే వద్దని నేననడం లేదు. ఒకప్పుడు ఈ పరీక్షకు సిద్ధం కావాలంటే హైదరాబాదు రావాల్సిందే. శ్రీకాకుళం, ఆదిలాబాదు, మదనపల్లె పిల్లలకు కోచింగ్ ఫీజుతో పాటు హాస్టల్ గది అద్దె, మెస్ బిల్లు అదనం. ఆడపిల్లలైతే ఆ ఊరు పంపడానికే ఇంట్లో సగం యుద్ధం చేయాలి. ఆ ఖర్చును, ఆ యుద్ధాన్ని ఆన్‌లైన్ తగ్గించింది. ఇది చిన్న మేలు కాదు. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వచ్చిన మనిషి పదింటికి క్లాసు వినగలగడం కూడా. దేశమంతటా అదే రోజు రాసిన వేలమందిలో తన స్థానం ఎక్కడో మదనపల్లెలో కూర్చున్న అమ్మాయికి తెలియడం అన్నిటికన్నా పెద్ద లాభం. గమనించండి, ఆ లాభం కూడా మాక్ టెస్టుదే.

మరి వీడియోలు ఎవరికి కావాలి? పదో తరగతి తర్వాత గణితం ముట్టని ఆర్ట్స్, కామర్స్ విద్యార్థులకు కావాలి. వాళ్ళు కూడా అన్నీ చూడక్కర్లేదు. ముందు ఒక మాక్ రాసి, ఎక్కడ చేతులెత్తేశారో ఆ అధ్యాయం మాత్రమే చూడాలి. వరస తిప్పితే చాలు, చూడాల్సినవి మూడోవంతుకు పడిపోతాయి. "ఏమీ చదవకుండా మాక్ రాస్తే మార్కులేమొస్తాయి" అని అడుగుతారు. రావు. మార్కుల కోసం కాదు ఆ మొదటి మాక్, ఏం చదవాలో తెలుసుకోవడానికి.

ఇంగ్లిషు విభాగం దగ్గర నా గొంతు మారుతుంది, ఎందుకంటే మోసం ఎక్కువగా జరిగేది అక్కడే. ఐసెట్‌లో ఇంగ్లిషును పరీక్షించే భాగం తప్ప మిగతావి తెలుగులోనూ ఉంటాయి. క్యాట్ మొత్తం ఇంగ్లిషే. 2024లో ఆ విభాగంలో 24 ప్రశ్నలుంటే, 16 నాలుగు వ్యాసభాగాల మీదే. ఒక్కోటి దాదాపు 500 పదాలు. తత్వం, పర్యావరణం, కళల చరిత్ర, ఆర్థిక విధానం, ఏదైనా రావచ్చు. నిమిషానికి 200 పదాలు చదివేవారికి నాలుగూ చదవడానికి పది నిమిషాలు. నిమిషానికి 100 పదాలు చదివేవారికి ఇరవై. మిగిలిన ఇరవై నిమిషాల్లో 24 ప్రశ్నలకు ఆలోచించాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి తెలివిలో ఎవరికీ తీసిపోడు. వాడికి లోటు వేగం, అది ఏళ్ళ తరబడి చదవడం వల్ల వచ్చేది. అలాంటి పిల్లలకు "మూడు నెలల్లో ఇంగ్లిషు విభాగంలో పట్టు" అంటూ అమ్మేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "మొదటి, చివరి పేరాలు చదివి జవాబు పెట్టండి", "అతి గట్టిగా చెప్పే ఆప్షన్ ఎప్పుడూ తప్పు" లాంటి చిట్కాలు చెబుతారు. ప్రశ్నలు కూర్చే ప్రొఫెసర్లకు ఈ చిట్కాలు తెలియవా? ఆప్షన్లలో ఒకటి నిజమే అయి ఉంటుంది, కానీ రచయిత ఆ మాట అనలేదు. ఇంకొకటి రచయిత అన్నదే, కానీ ఉదాహరణగా అన్నాడు, తన వాదనగా కాదు. ఈ తేడా పట్టడానికి వ్యాసం మొత్తం చదివి అర్థం చేసుకోవడం తప్ప దగ్గరి దారి లేదు.

నేను చెప్పే పద్ధతి నిదానమైనది. డిగ్రీ మొదటి ఏడాదిలోనే రోజుకు ఒక ఇంగ్లిషు సంపాదకీయం, వారానికి రెండు పొడవాటి వ్యాసాలు మొదలుపెట్టాలి. చదివాక పేజీ మూసి, ఆ రచయిత ఏమంటున్నాడో తెలుగులో రెండు వాక్యాల్లో పక్కవాళ్ళకు చెప్పాలి. అమ్మకు చెప్పండి, రూమ్మేటుకు చెప్పండి. తెలుగులో చెప్పగలిగితే అర్థమైనట్లే. చెప్పలేకపోతే, కళ్ళు పదాల మీద నుంచి జారిపోయాయన్నమాట, మళ్ళీ చదవాలి. ఇందులో ఎవరూ ఎవరికీ రూపాయి కట్టే పని లేదు. తెలుగు మాధ్యమం పిల్లలు దీన్ని పట్టుకుని ఏడాదిన్నరలో ఆ విభాగం గట్టెక్కడం నేను దగ్గరుండి చూశాను. మూడు నెలల ప్యాకేజీతో గట్టెక్కినవారు నాకు తారసపడలేదు.

ప్రకటనల గురించి ఒక మాట. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి ఫొటో వాడాలంటే అతని రాతపూర్వక అనుమతి ఉండాలి. అతను తీసుకున్నది ఏ కోర్సో, ఎంతకాలమో, డబ్బు కట్టినదో ఉచితమో కూడా చెప్పాలి. ఈ చివరి నిబంధన చాలా విలువైనది. నూరు పర్సంటైల్ కుర్రాడు ఆఖరి నెలలో ఆ సంస్థ మాక్ టెస్టులు మాత్రమే కొని ఉండవచ్చు. అతని ఫొటో చూసి మా పిన్ని రెండేళ్ళ వీడియో ప్యాకేజీకి సంతకం పెడుతుంది. అందుకే డబ్బు కట్టేముందు "ఈ ఫొటోలోని అబ్బాయి ఏం కొన్నాడు?" అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

పర్సంటైల్ వస్తే సీటు వచ్చినట్లేనన్న మాట కూడా పూర్తి నిజం కాదు. ఇంటర్వ్యూ పిలుపుల కోసం ఐఐఎంలు పది, ఇంటర్, డిగ్రీ మార్కులను, ఉద్యోగానుభవాన్ని లెక్కలోకి తీసుకుంటాయి, ఒక్కో ఐఐఎం ఒక్కో పాళ్ళలో. ప్రవేశ విధానాలు వాళ్ళ వెబ్‌సైట్లలోనే ఉంటాయి. ఒక సాయంత్రం కూర్చుని మీ మార్కులు వాటిలో వేసి చూసుకుంటే, మీకు అహ్మదాబాదు గురిపెట్టడం సబబో, 2015లో మొదలైన మన విశాఖపట్నం ఐఐఎం సబబో తెలుస్తుంది. అదే క్యాట్ మార్కులతో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, వరంగల్ ఎన్‌ఐటీలో కూడా ఎంబీఏకు దరఖాస్తు చేయవచ్చు. పాత ఐఐఎంల ఫీజు ఇరవై లక్షలు దాటిపోయిన రోజుల్లో, అప్పు చేయబోయే ఇంటికి ఈ సమాచారం ఏ వీడియోకన్నా ముఖ్యం.

ఇక మాక్ ఎలా రాయాలి. అసలు పరీక్ష మూడు పూటల్లో జరుగుతుంది: ఉదయం ఎనిమిదిన్నర, మధ్యాహ్నం పన్నెండున్నర, సాయంత్రం నాలుగున్నర. మీకు ఏ పూట పడుతుందో హాల్ టికెట్ వచ్చేదాకా తెలియదు కనుక మూడు వేళల్లోనూ రాయడం అలవాటు చేసుకోవాలి. మధ్యలో లేవకూడదు. రాసిన మర్నాడు, రాయడానికి పట్టినదానికన్నా ఎక్కువ సమయం ఆ పేపరు మీద గడపాలి. ప్రతి తప్పు పక్కన కారణం రాయాలి: విషయం తెలియదా, ప్రశ్న సరిగా చదవలేదా, కూడికలో తప్పా, అసలు ముట్టుకోకుండా ఉండాల్సిందా. వదిలేసిన ప్రశ్నలను కూడా తీరిగ్గా చేసి చూడాలి. వాటిలో రెండు నిమిషాల్లో అయిపోయేవి ఎన్నో చూసుకుంటే, నాలుగైదు మాక్‌లకే మీ ఎంపికలో లోపం ఎక్కడో బయటపడుతుంది. ఈ పని ఒక్కరే చేయడం కష్టం. అదే పరీక్షకు చదివే మరొకరిని వెతుక్కుని, ఇద్దరూ ఒకే మాక్ రాసి, "నువ్వు ఆ సెట్టు ఎందుకు వదిలావు?" అని ఒకరినొకరు అడగండి. కోర్సుల్లో సందేహం పంపితే లెక్క చేసిన కాగితం ఫొటో వస్తుంది. ఈ ప్రశ్న రాదు.

ఇంకొక సంగతి నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. జిల్లాల్లో చాలామంది పిల్లలు ఈ మాక్‌లను ఫోనులో రాస్తున్నారు. అసలు పరీక్షలో పెద్ద తెర, మౌసు, తెర మీదే క్యాలిక్యులేటర్, రఫ్ పనికి కాగితాలు ఉంటాయి. ఫోనులో డేటా పట్టిక ఒకవైపు, ప్రశ్న మరోవైపు జరుపుకుంటూ రాసే పిల్ల రెండు గంటలూ వేలితో తెరను తోసుకోవడంలోనే అలసిపోతుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ లేకపోవడం ఆమె తప్పు కాదు. కానీ ఆమె చదివే డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఉంటుంది, ఆదివారం దానికి తాళం ఉంటుంది. గత కొన్నేళ్ళ క్యాట్ ప్రశ్నపత్రాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. జులై నుంచి నవంబరు దాకా ఆదివారం ఉదయం మూడు గంటలు ఆ ల్యాబ్ తెరిచి, ఇరవై మందిని కూర్చోబెట్టి పరీక్ష రాయించడానికి కావలసింది ఒక అధ్యాపకుడు, ఒక అటెండరు. పూర్వ విద్యార్థులం మాలాంటివాళ్ళం వంతులవారీగా వచ్చి, పరీక్ష అయ్యాక వాళ్ళ పేపర్లు దగ్గరుండి చూస్తాం. నేను చదివిన కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఈ మేరకు ఉత్తరం రాశాను. మీరు చదివిన కాలేజీకి మీరూ రాయండి.